రశీదులు, రాజీలు, నమ్మకం

(ధర్మనిధి స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన ఉద్యోగ జీవితమంతా స్థానిక సంస్థల పద్దులు తనిఖీ చేస్తూ గడిపారు. పంచాయతీ అయినా మునిసిపాలిటీ అయినా, వోచరు లేని ఖర్చు ఆయన దృష్టిలో ఖర్చే కాదు. అటువంటి మనిషిని తలుచుకునే చోట బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడటం సబబుగా ఉంటుందనుకున్నాను. ఆ వ్యవహారం 2009 మే నెలలో బయటపడింది. సరిగ్గా ఏడాదికి, 2010 మేలో, ఆ దేశంలో సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడింది. పుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలుగా కనిపిస్తాయి. నాకు మాత్రం అవి ఒకే కథలా తోస్తాయి. ఎందుకో చెబుతాను.

ఒకే పార్టీ పాలించేటప్పుడు ప్రజలకు ఒక మాట చెప్పుకునే వీలుంటుంది: మేం ఇది చేస్తామన్నాం, మీరు ఓటేశారు, చేస్తున్నాం. సంకీర్ణానికి ఆ వీలు లేదు. ఓట్ల లెక్కింపు అయిపోయాక ఇద్దరు నాయకుల మనుషులు ఒక గదిలో కూర్చుని, చెరికొంత వదులుకుని, ఏ ఓటరూ చూడని ఒక కార్యక్రమాన్ని రాసుకుని బయటికొస్తారు. దాన్ని జనం ఒప్పుకోవాలంటే, ఆ గదిలో జరిగిన బేరం తమ కోసమే జరిగిందని నమ్మాలి. అంటే సంకీర్ణానికి మామూలు ప్రభుత్వం కంటే ఎక్కువ నమ్మకం అప్పు పుట్టాలి. బ్రిటన్‌లో ఆ అప్పు ఇవ్వాల్సిన జనం ఏడాది కిందటే రాజకీయ నాయకుల బిల్లులన్నీ చదివి ఉన్నారు.

ఆ బిల్లులు ఎలా పుట్టాయో ముందు చూద్దాం. కామన్స్ సభ సభ్యులకు జీతమన్నది 1911లో మొదలైంది, ఏడాదికి 400 పౌండ్లు. ఆ తర్వాత జీతం పెంచాల్సి వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు జంకేవి. ధరలు మండుతున్నప్పుడు, కార్మికులను ఓపిక పట్టమంటున్నప్పుడు, ఎంపీల జీతం పెంచామని ఎవరు చెబుతారు? అందుకని జీతం జోలికి పోకుండా భత్యాలు పెంచారు. లండన్‌కు దూరాన నియోజకవర్గం ఉన్నవాళ్ళు రెండు చోట్ల కాపురం నడపాలి కాబట్టి 1970ల మొదట్లో రెండో ఇంటి భత్యం ఒకటి వచ్చింది. దాని అవసరం నిజమైనదే. అయితే కాలం గడిచేకొద్దీ అది చాటుమాటు జీతంగా మారిపోయింది. 2001లో సభ్యులే ఓటేసి దాన్ని ఒక్కసారిగా పెంచుకున్నారు. 2009 నాటికి ఎంపీ జీతం 64,766 పౌండ్లు, దాని మీద ఏడాదికి సుమారు 24 వేల పౌండ్ల దాకా ఈ భత్యం. సభకు చెందిన ఫీజుల ఆఫీసు బిల్లులు పాస్ చేసేది. ఆ ఆఫీసు ఉద్యోగులు ఎవరి కింద పనిచేస్తున్నారు? బిల్లు పెట్టే సభ్యుల కిందే. చాలా కాలం 250 పౌండ్ల లోపు ఖర్చులకు రశీదే అక్కర్లేదు. తిండి ఖర్చు నెలకు 400 పౌండ్ల దాకా రశీదు లేకుండా రాసుకోవచ్చు. ఏ వస్తువుకు ఎంత దాకా ఇవ్వొచ్చో జాన్ లూయిస్ దుకాణం ధరలను బట్టి ఆఫీసు ఒక జాబితా పెట్టుకుంది: వంటగదికి 10 వేల పౌండ్లు, టీవీకి 750. ఆ జాబితా సభ్యులకు కూడా చూపేవారు కాదు. తెలిస్తే అందరూ ఆ గరిష్ఠ మొత్తమే అడుగుతారని భయం. మన ఆడిట్ శాఖలో పనిచేసిన ఎవరినైనా అడగండి, ఇటువంటి ఏర్పాటు చివరికి ఎక్కడికి దారితీస్తుందో మొదటి రోజే చెప్పేస్తారు.

బ్రిటన్ సమాచార స్వేచ్ఛ చట్టం 2000లో వచ్చినా అమలైంది 2005 జనవరి 1 నుంచి. మన సమాచార హక్కు చట్టం కూడా అదే ఏడాది అక్టోబర్ 12న అమల్లోకి వచ్చింది. హెదర్ బ్రూక్ అనే విలేకరి, మరో ఇద్దరు విలేకరులు ఆ చట్టం కింద కొందరు ఎంపీల ఖర్చుల వివరాలు అడిగారు. సభ కాదంది. సమాచార కమిషనర్ ఇమ్మంటే సభ అప్పీలుకు వెళ్ళింది. ట్రిబ్యునల్ ఇమ్మంటే హైకోర్టుకెక్కింది. 2008 మే 16న హైకోర్టు కూడా ఇచ్చి తీరాలంది. ఈ మధ్యలో 2007లో పార్లమెంటును ఆ చట్టం నుంచే తప్పించే బిల్లు ఒకటి కామన్స్‌లో నెగ్గింది. పై సభలో దాన్ని చేపట్టడానికి ఒక్క సభ్యుడూ ముందుకు రాకపోవడంతో ఆగిపోయింది. 2008 జులైలో జాన్ లూయిస్ జాబితాను రద్దు చేద్దామన్న ప్రతిపాదనను సభ 172-144 ఓట్లతో తోసిపుచ్చింది. 2009 జనవరిలో ఖర్చుల వివరాలను దాచుకునే మరో ప్రయత్నం ప్రభుత్వమే చేసి, గగ్గోలు పుట్టాక వెనక్కి తీసుకుంది.

ఈ వరసను నేను తేదీలతో సహా చెప్పడానికి కారణం ఉంది. ఎంపీలు తిన్న డబ్బు ప్రజలకు తెలియడానికి ముందే, దాచడానికి వాళ్ళు పడ్డ తాపత్రయం తెలిసింది. తాము చేసిన చట్టం దేశంలోని ఆసుపత్రులకూ బడులకూ పోలీసు స్టేషన్లకూ వర్తించాలి, తమకు మాత్రం వద్దు. నమ్మకం తెగిపోయింది ఇక్కడేనని నా అభిప్రాయం.

చివరికి ప్రచురణకు సిద్ధం చేస్తూ సభ ఆ కాగితాలన్నింటినీ ఒక గదిలో స్కాన్ చేయించి, వ్యక్తిగత వివరాల మీద నల్ల పట్టీలు వేయిస్తోంది. ఆ గదికి కాపలా ఉన్నవాళ్ళలో సైనికులు కూడా ఉన్నారని, యుద్ధానికి వెళ్ళేముందు తమ సరంజామా కొనుక్కోవడానికి సెలవుల్లో ఈ పని చేస్తున్నారని, అది చూసి కడుపు మండిన మనిషి ఒకరు మొత్తం సమాచారాన్ని ఒక డిస్క్‌లో బయటికి చేర్చారని డైలీ టెలిగ్రాఫ్ విలేకరులు తర్వాత తమ పుస్తకంలో రాశారు. ఆ డిస్క్ ఒక మధ్యవర్తి ద్వారా పత్రికకు చేరింది. దానికి పత్రిక డబ్బు ఇచ్చింది. అది సరైన పనేనా అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. నా జవాబు ఇది: జూన్ 18న సభ అధికారికంగా విడుదల చేసిన కాగితాల్లో ఇళ్ళ చిరునామాల మీద నల్ల పట్టీలున్నాయి. వాటితో సభ్యులు ఏ ఇంటిని ఎప్పుడు 'రెండో ఇల్లు'గా మార్చుకున్నారో పట్టుకోవడం అసాధ్యం. అసలు దొంగదారి అదే. ఒక ఇంటిని రెండో ఇల్లని చూపించి ప్రజల సొమ్ముతో బాగు చేయించుకోవడం, తర్వాత ఇంకో ఇంటిని రెండో ఇల్లు చేయడం, అమ్మేటప్పుడు పన్ను ఆఫీసు దగ్గర మొదటిదాన్నే ప్రధాన నివాసమని చెప్పుకోవడం. డిస్క్ లేకపోతే ఇదేదీ తెలిసేది కాదు.

2009 మే 8 నుంచి వారాల తరబడి రోజూ కొత్త పేర్లు. ఓ సభ్యుడి భవంతి కందకం శుభ్రం చేసిన ఖర్చు. ఇంకో సభ్యుడి కొలనులో బాతులకు కట్టిన 1,645 పౌండ్ల గూడు. నిజానికి బాతుల గూడు బిల్లును ఆఫీసు తిరస్కరించింది, ఆ డబ్బు ఆయనకు చేరలేదు. అయినా జనం మనసులో మిగిలిపోయిన బొమ్మ అదే. తీరిపోయిన ఇంటి అప్పు మీద వడ్డీ అంటూ నెలకు 800 పౌండ్లు తీసుకున్న మాజీ మంత్రి ఇలియట్ మోర్లీ సంగతి ఇంతకంటే చాలా పెద్దది. ఆయన జైలుకెళ్ళారు. తన సొంత ఫ్లాట్‌కే అద్దె కడుతున్నట్టు కాగితాలు పుట్టించిన డేవిడ్ చేటర్‌కు 18 నెలల శిక్ష పడింది. లేబర్, కన్సర్వేటివ్, లిబరల్ డెమోక్రాట్... తిలాపాపం తలా పిడికెడు. ప్రధాని గార్డన్ బ్రౌన్, ప్రతిపక్ష నాయకుడు డేవిడ్ కామెరన్, మూడో పార్టీ నాయకుడు నిక్ క్లెగ్ ముగ్గురూ ఎంతో కొంత తిరిగి కట్టారు. ఒక పార్టీ మాత్రమే తప్పు చేసి ఉంటే జనం ఇంకో పార్టీ వైపు చూసేవారు. ఇక్కడ చూడటానికి మరో పక్క లేదు.

ఆ రోజుల్లో అందరి నోటా వినిపించిన సంజాయిషీ ఒక్కటే: 'అంతా నిబంధనలకు లోబడే చేశాను.' చాలామంది విషయంలో అది నిజం కూడా. ఆ నిబంధనలు రాసుకున్నది తామేనని అవతలివాళ్ళకు తెలుసునన్న సంగతే వాళ్ళు మరిచారు. మాంద్యంలో ఉద్యోగాలు పోతున్న ఏడాది అది. బ్యాంకులను నిలబెట్టడానికి ప్రజల సొమ్ము కుమ్మరించిన ఏడాది. గార్డియన్ పత్రిక ఆ కాగితాలను పాఠకుల ముందు పెట్టి వెతకమంటే 20 వేల మందికి పైగా కూర్చుని రశీదు రశీదుగా చదివారు. ఒక దేశం తన ప్రతినిధుల పద్దులను తానే తనిఖీ చేసిన సందర్భం అది, నాకు తెలిసి అంతకు ముందు లేదు.

సభ స్పీకర్ మైకేల్ మార్టిన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. 1695 తర్వాత అలా దిగిపోవాల్సి వచ్చిన స్పీకర్ ఆయనే. సర్ థామస్ లెగ్ అనే విశ్రాంత అధికారి పాత బిల్లులన్నీ తిరగేసి, అప్పీళ్ళు పోగా 11 లక్షల పౌండ్ల పైచిలుకు రికవరీ తేల్చారు. ఆ తనిఖీకి అయిన ఖర్చూ దాదాపు అంతే. వందల మంది చెక్కులు రాసి ఇచ్చారు. డబ్బుగా చూస్తే ఇది చిన్న మొత్తం. అందుకే కొందరు పెద్దమనుషులు అప్పట్లో, ఇంత గొడవ దేనికి, దేశం అప్పు ఎంత, ఈ సొమ్మెంత అన్నారు. ఆ లెక్క తప్పు. పోయింది డబ్బు కాదు కాబట్టి డబ్బుతో కొలిచి లాభం లేదు.

ప్రాసిక్యూషన్ మొదలయ్యాక నిందితులు ఆఖరి అస్త్రం తీశారు: 1689 నాటి హక్కుల చట్టం. రాజు పార్లమెంటు సభ్యులను వేధించకుండా, సభలో మాట్లాడినందుకు కోర్టుకు ఈడ్వకుండా రక్షణ ఇచ్చిన చట్టమది. మా ఖర్చుల ఫారాలు కూడా సభా వ్యవహారాలే కాబట్టి కోర్టులు విచారించరాదని వాళ్ళు వాదించారు. తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు 2010 చివర్లో ఏకగ్రీవంగా కుదరదంది. ఎంతో పోరాటంతో వచ్చిన ఆ హక్కును ఇంటి వాయిదాల కోసం కోర్టులో పరచడం ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికంటే బాధపెట్టిన ఘట్టం.

ఇక సంకీర్ణం. 2010 మే 6న ఎన్నికలు జరిగాయి. పోటీ చేయకుండా తప్పుకున్న ఎంపీలు 149 మంది. అందరూ బిల్లుల వల్లే కాకపోయినా, అది యుద్ధానంతర కాలంలో రికార్డు. ఎవరికీ మెజారిటీ రాలేదు. అయిదు రోజుల చర్చల తర్వాత కన్సర్వేటివ్, లిబరల్ డెమోక్రాట్ పార్టీలు కలిశాయి. మనకు ఇందులో వింత లేదు. నేషనల్ ఫ్రంట్‌కు ఎన్టీఆర్ అధ్యక్షులుగా ఉన్న రోజులు, యునైటెడ్ ఫ్రంట్ కనీస ఉమ్మడి కార్యక్రమం, ఈనాటి కూటమి ప్రభుత్వం, అన్నీ మన ఎరుకలోవే. వాళ్ళకు మాత్రం యుద్ధకాలపు చర్చిల్ ప్రభుత్వం 1945లో ముగిశాక ఇదే మొదటి సంకీర్ణం. కామెరన్, క్లెగ్ ప్రధాని నివాసపు గులాబీ తోటలో పక్కపక్కన నిలబడి కొత్త రాజకీయం మొదలవుతోందన్నారు. మంత్రుల జీతాలు 5 శాతం తగ్గించారు. తప్పు చేసిన ఎంపీని ఓటర్లు వెనక్కి పిలిచే హక్కు, ఓటింగ్ పద్ధతి మార్పుపై ప్రజాభిప్రాయ సేకరణ, పార్లమెంటుకు నిర్ణీత కాలపరిమితి, ఇవన్నీ కార్యక్రమంలో పెట్టారు. బిల్లుల గాయానికి రాసిన మందులే ఇవన్నీ.

పదిహేడు రోజులు గడిచాయి. ట్రెజరీ ప్రధాన కార్యదర్శి డేవిడ్ లాస్, సంకీర్ణ ఒప్పందం రాసిన నలుగురు లిబరల్ డెమోక్రాట్లలో ఒకరు, దేశంలోని ప్రతి శాఖ ఖర్చూ తగ్గించాల్సిన మంత్రి. మే 24న ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బర్న్‌తో కలిసి 620 కోట్ల పౌండ్ల కోత ప్రకటించారు. ఆ వారాంతంలోనే టెలిగ్రాఫ్ మరో కథనం రాసింది: ఆయన తన సహచరుడి ఇంట్లో గది అద్దె పేరుతో ఏళ్ళ తరబడి 40 వేల పౌండ్లకు పైగా తీసుకున్నారు. జీవిత భాగస్వామికి అద్దె కట్టి భత్యం తీసుకోరాదని 2006 నుంచి నిబంధన ఉంది. లాస్ మర్నాడే రాజీనామా చేశారు. తాను స్వలింగ సంపర్కుడినన్న విషయం ఎవరికీ తెలియకూడదనే ఆ బంధాన్ని దాచానని, లాభం కోసం కాదని చెప్పారు. ఏడాది విచారించిన కమిషనర్ కూడా ఆయన లాభం ఆశించినట్టు ఆధారం లేదన్నారు, నిబంధనల ఉల్లంఘన మాత్రం తీవ్రమైనదన్నారు. సభ ఏడు రోజులు సస్పెండ్ చేసింది. ఆయన 56 వేల పౌండ్లకు పైగా తిరిగి కట్టారు.

ఈయన్ను మోర్లీ పక్కన నిలబెట్టడం అన్యాయం. సొంతంగా డబ్బున్న మనిషి, ఒక భయం వల్ల తప్పుదారి పట్టాడు. ఆ భయాన్ని పెంచింది సమాజమే. ఇదంతా ఒప్పుకుంటూనే, ఆ రాజీనామా తప్పనిసరి అని నేనంటాను. వేలమంది ఉద్యోగులను ఖర్చుకు లెక్క చెప్పమని అడగబోయే మనిషి ఆయన. తన ఆంతరంగిక జీవితాన్ని కాపాడుకోవడానికి ఆయనకు పూర్తి హక్కుంది. దానికి దారి కూడా ఉంది: ఆ భత్యం అడగకపోవడం. ఇంత తేలికైన దారి ఆయన కంటికి ఆనకపోవడానికి కారణం, భత్యం తమ జీతంలో భాగమన్న ఆ సభ పాత అలవాటే.

లాస్ వెళ్ళాక సంకీర్ణం నిలబడింది. కానీ దాని ప్రతి రాజీనీ జనం రశీదులు చదివిన కళ్ళతోనే చదివారు. అయిదేళ్ళ కాలపరిమితి చట్టంలో, సభ రద్దు కావాలంటే 55 శాతం ఓట్లుండాలని మొదట రాసుకున్నారు. ఒక భాగస్వామి ఇంకొకరిని అర్ధాంతరంగా వదిలేయకుండా పెట్టుకున్న జాగ్రత్త అది. బయటివాళ్ళకు మాత్రం పదవి కాపాడుకునే ఎత్తుగా కనిపించింది. చివరికి దాన్ని వదిలి మూడింట రెండొంతులకు మార్చారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ విశ్వవిద్యాలయాల ఫీజులు. ఏ పెంపుకైనా వ్యతిరేకంగా ఓటేస్తామని క్లెగ్, ఆయన పార్టీ అభ్యర్థులు ఎన్నికల ముందు విద్యార్థులకు సంతకాలు చేసి ఇచ్చారు. ఆ కాగితాలు పట్టుకుని ఫొటోలు దిగారు. ఒప్పందంలోనేమో, ఈ విషయంలో తటస్థంగా ఉండే వెసులుబాటు మాత్రం రాసుకున్నారు. 2010 డిసెంబర్ 9న ఫీజు పరిమితిని 3,290 నుంచి 9,000 పౌండ్లకు పెంచే ప్రతిపాదన 323-302 ఓట్లతో నెగ్గింది. ఆ పార్టీలో 21 మంది మాట నిలబెట్టుకుని ఎదురు ఓటేశారు, క్లెగ్ అనుకూలంగా ఓటేశారు. సంకీర్ణంలో చిన్న భాగస్వామి కొన్ని వదులుకోక తప్పదు. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. వేరే కాలంలో అయితే జనం వినేవారేమో. నిబంధన ప్రకారమే, ఒప్పందం ప్రకారమే అన్న మాటలు అప్పటికి వాళ్ళ చెవుల్లో ఒకేలా మోగుతున్నాయి.

2011 మే 5న కొత్త ఓటింగ్ పద్ధతిపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఎన్నికల ముందు క్లెగ్ స్వయంగా తీసిపారేసిన పద్ధతి అది. ఇద్దరికీ ఇష్టం లేని దాన్ని మధ్యేమార్గంగా పెట్టుకున్నారు. 67.9 శాతం వద్దన్నారు. ప్రత్యర్థుల ప్రచారం పద్ధతి గుణదోషాల కంటే క్లెగ్ మాట తప్పడం మీదే ఎక్కువగా నడిచింది. నమ్మకం నిలబెట్టడానికి తెచ్చిన సంస్కరణను అపనమ్మకమే ఓడించింది. 2015 ఎన్నికల్లో ఆ పార్టీ 57 స్థానాల నుంచి 8కి పడిపోయింది. ఇన్నిటికీ బాతుల గూడే కారణమని నేననను. జనం ఏ మాటనైనా ఏ చెవితో వింటున్నారో చెప్పడమే నా ఉద్దేశం.

మంచి కూడా జరిగింది, చెప్పాలి. 2009 చట్టంతో ఏర్పడిన స్వతంత్ర పార్లమెంటరీ ప్రమాణాల సంస్థ 2010 మే నుంచి బిల్లులు చూస్తోంది. ప్రతి క్లెయిమూ ప్రజల ముందు ఉంటుంది. జీతం నిర్ణయించే పనీ దానికే ఇచ్చారు. 2015లో ఆ సంస్థ జీతాన్ని 74 వేల పౌండ్లకు పెంచినప్పుడు నాయకులు వద్దన్నారు, సంస్థ వినలేదు. దశాబ్దాలుగా దాచిపెట్టిన ప్రశ్నకు బహిరంగంగా జవాబు దొరికింది. మన దగ్గర రాజ్యాంగం 106, 195 అధికరణాల కింద పార్లమెంటు, శాసనసభల సభ్యుల జీతభత్యాలను సభలే చట్టం చేసుకుంటాయి. 2018 ఆర్థిక చట్టం ఎంపీల జీతాన్ని ధరల సూచీతో ముడిపెట్టింది. ఈ ఏర్పాటుపై మన రెండు రాష్ట్రాల శాసనసభల్లో ఒక పూట తీరిగ్గా చర్చ జరిగితే చూడాలని ఉంది.

అయితే పాత సంజాయిషీ అంత తేలిగ్గా చావలేదు. 2010 ఫిబ్రవరిలో మోర్లీ, చేటర్ తదితరులపై కేసులు పెడుతున్నట్టు ప్రకటించిన ప్రాసిక్యూషన్ అధిపతి పేరు కీర్ స్టార్మర్. ఆయనే 2024లో ప్రధాని అయ్యారు. మూడు నెలలు తిరగకుండానే దాతలిచ్చిన బట్టలు, టిక్కెట్ల గొడవ వచ్చింది. అన్నీ నిబంధనల ప్రకారం ప్రకటించినవేనని మొదట చెప్పారు. తర్వాత 6 వేల పౌండ్లకు పైగా విలువైన కానుకల సొమ్ము తిరిగి కట్టారు. ఆ చరిత్రను అంత దగ్గరగా చూసిన మనిషికే ఇలా జరగడం నాకు దిగులు కలిగిస్తుంది.

చివరిగా ఒక నియోజకవర్గం గురించి. సంకీర్ణం మాటిచ్చిన రీకాల్ చట్టం అయిదేళ్ళు నలిగి, 2015లో వచ్చింది. కొన్ని నేరాల్లో శిక్ష పడితే లేదా సభ సస్పెండ్ చేస్తే, నియోజకవర్గంలో పది శాతం ఓటర్లు సంతకాలు పెట్టి ఎంపీ స్థానాన్ని ఖాళీ చేయించవచ్చు. వేల్స్‌లోని బ్రెకన్ అండ్ రాడ్నర్‌షైర్ కొండల మధ్య గొర్రెలు పెంచుకునే పల్లెల ప్రాంతం. అక్కడి కన్సర్వేటివ్ ఎంపీ క్రిస్ డేవీస్ తన ఆఫీసు గోడలకు 700 పౌండ్ల ఫొటోలు కొని, ఆ ఖర్చును రెండు పద్దుల మధ్య పంచడానికి దొంగ ఇన్‌వాయిస్‌లు సృష్టించారు. సొంతానికి తిన్నదేమీ లేదు, నిజం చెప్పి అడిగినా ఆ డబ్బు వచ్చేదే. 2019లో నేరం ఒప్పుకున్నారు, జరిమానా పడింది. 10,005 మంది ఓటర్లు రీకాల్ పత్రం మీద సంతకాలు పెట్టారు, దాదాపు 19 శాతం. స్థానం ఖాళీ అయింది. పార్టీ మళ్ళీ ఆయన్నే నిలబెట్టింది. ఆగస్టు 1న జరిగిన ఉప ఎన్నికలో ఆయనకు 12,401 ఓట్లు వచ్చాయి. ఆయన చేసింది క్షమించదగ్గ తప్పేనని అంతమంది అనుకున్నారన్నమాట. లిబరల్ డెమోక్రాట్ అభ్యర్థి జేన్ డాడ్స్ 1,425 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు.